శనివారం పడుకోండి, ఆదివారం వెళ్లండి: బెంగళూరు సైఫై రైటింగ్ వర్క్‌షాప్ రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. జయనగర్‌లో శని, ఆదివారాల్లో జరిగే ఈ సైన్స్ ఫిక్షన్ రాత వర్క్‌షాప్‌కి నేను 5కి 3.5 ఇస్తాను. అందులో 3 మార్కులు ఆదివారానివే, మిగిలిన అర మార్కు శనివారం పెట్టిన భోజనానికి. ఫీజు 4,500 రూపాయలు. రెండు పూటలా కాఫీ, మధ్యాహ్నం భోజనం, తర్వాత మన కథ ఒకటి చదివి అభిప్రాయం మెయిల్ చెయ్యడం, అన్నీ అందులోనే. పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, నడిపేది కుర్రాళ్లు, సొంత డబ్బు పెట్టుకుని నడుపుతున్నట్టున్నారు, పేరు పెట్టి తిట్టేంత కోపం నాకు లేదు. ఈ ఊళ్లో సైఫై రాసేవాళ్లు ఉన్నదే గుప్పెడుమంది కాబట్టి ఎవరి గురించో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు.

ఫోర్త్ బ్లాక్‌కి నడిచివెళ్లే దూరంలో ఒక పాత ఇంటి మేడమీద హాలు. కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చే మనవాళ్లు మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారితే సరిపోతుంది. కారు తెస్తే పార్కింగ్ వెతుక్కోవడంలోనే మొదటి క్లాసు అయిపోతుంది. మారతహళ్లి వాళ్ల సంగతి దేవుడికే వదిలేశాను. హాల్లో ఏసీ ఉంది కానీ దాని చప్పుడుకి వెనక వరసలో సగం మాటలు వినపడవు, ప్లగ్ పాయింట్లు రెండే, ల్యాప్‌టాప్ ఫుల్ చార్జింగ్ పెట్టుకుని వెళ్లండి. క్లాసులు ఇంగ్లిష్‌లో, మధ్యమధ్యలో కన్నడం. వచ్చినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే, కాఫీ బ్రేకులో హాలు వెనకవైపు మొత్తం తెలుగే వినిపించింది. కథ తెలుగులో రాస్తున్నా ఫర్వాలేదు, ఒక పేజీ సారాంశం ఇంగ్లిష్‌లో ఇస్తే చాలన్నారు. ఆ విషయంలో వాళ్లకి దండం పెట్టాలి, ఎందుకంటే ఇలాంటి చోట్ల మనం తెలుగులో రాస్తాం అనగానే జాలిగా చూసేవాళ్లే ఎక్కువ.

ఇక అసలు విషయం. సైన్స్‌ని ఎంత కచ్చితంగా పట్టుకోవాలి, ఊహని ఎంత వదలాలి అనేది ఈ రెండు రోజుల టాపిక్. బ్రోషర్‌లో దీన్ని బ్యాలెన్స్ అన్నారు. శనివారం అంతా కూర్చున్నాక నాకర్థమైంది ఏంటంటే, వీళ్లలో ఒకాయనకి తక్కెడ ఒకవైపు మాత్రమే ఉంది.

శనివారం సార్ ఫిజిక్స్ మనిషి. తెలివైనవాడు, అందులో అనుమానం లేదు, మాట కూడా బాగుంటుంది. కానీ ఆయన కథని జవాబు పత్రంలా చూస్తాడు, ఎర్ర పెన్ను చేతిలో లేకపోతే చదవలేడు. వచ్చీరాగానే అందరి చేతుల్లో ఒక ప్రింటవుట్ పెట్టారు, రచయితలు చేసే తప్పుల జాబితా. అంతరిక్షంలో పేలుడు వినిపించదు, లేజర్ కిరణం పక్కనుంచి కనపడదు, ఆస్టరాయిడ్ బెల్టులో రాళ్లు ఓడ దూరలేనంత దగ్గరగా ఉండవు, ఇంజన్ ఆపేస్తే ఓడ ఆగిపోదు, ఇలా. ఒక్కో పాయింటు చదవడం, ఒక సినిమా ముక్క వెయ్యడం, అందరం నవ్వడం. మొదటి గంట సరదాగానే గడిచింది. మూడో గంటకి నాకు ఒకటే డౌటు: సరే సార్, చప్పుడు రాదు, ఒప్పుకున్నాం, మరి ఏం రాయాలి? పక్క ఓడ పేలిపోయిందని నా మనిషికి ఎలా తెలియాలి? రేడియోలో సగం మాట దగ్గర ఆగిపోయిన గొంతు వల్లా, కాసేపటికి తన ఓడ గోడకి ముక్కలు తగిలి బూట్లలోంచి తెలిసే అదురు వల్లా? ఆ రెండిట్లో ఏదైనా సినిమా 'ఢాం' కంటే భయంగా ఉంటుంది కదా. అలాంటివి జాబితాలో ఒక్కటీ లేవు.

ఒక్కచోట మాత్రం నేను పెన్ను తీశాను. హెల్మెట్ ఊడితే మనిషి తల పేలిపోదు అనే పాయింటు కింద చిన్న అక్షరాల్లో ఒక ఉదాహరణ ఇచ్చారు. 1966లో హ్యూస్టన్‌లో, నాసా వాళ్ల వాక్యూమ్ చాంబర్‌లో జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్ స్పేస్ సూట్ పరీక్ష చేస్తుంటే గాలి గొట్టం ఊడిపోయింది. 14 సెకన్లు, ఆ చుట్టుపక్కల, అంతే, స్పృహ పోయింది. బయటివాళ్లు వెంటనే గాలి నింపారు కాబట్టి బతికి బయటపడ్డాడు. పడిపోయే ముందు ఆయనకి ఆఖరుగా గుర్తున్నది, నాలుక మీద ఉమ్మి బుడగలు కట్టడం. ఒత్తిడి లేకపోతే నీళ్లు ఒంటి వేడికే మరిగిపోతాయి, అదీ కారణం. సార్ దీన్ని 'తల పేలదు' అనే తీర్పుకి సాక్ష్యంగా చదివేసి తర్వాతి పాయింటుకి వెళ్లిపోయారు. అయ్యా, శనివారం మొత్తంలో కథ ఉన్నది అక్కడే! ఒక మనిషికి తెలివి ఉండేది ఆ పది పద్నాలుగు సెకన్లే, నాలుక మీద బుడగలు, ఎదురుగా గాలి వదిలే మీట కనిపిస్తోంది. దాన్ని వదిలేసి మళ్లీ లేజర్ల గురించి మాట్లాడుకున్నాం.

తర్వాత వెర్న్, వెల్స్ తగాదా. సైఫై క్లాసు ఎక్కడ పెట్టినా ఈ భాగవతం తప్పదు. జూల్ వెర్న్ 1865లో తన మనుషుల్ని ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి మీదకి పేల్చాడు. హెచ్.జి. వెల్స్ 1901లో గురుత్వాకర్షణని అడ్డుకునే కేవరైట్ అనే పదార్థాన్ని కల్పించి, దాంతో పంపేశాడు. నేను ఫిజిక్స్ వాడుకున్నాను, ఈయన కల్పించేస్తున్నాడు, ఆ లోహం ఏదో చూపించమనండి అని వెర్న్ పెద్దాయన సణిగాడు. సార్ ఓటు వెర్న్‌కే, చప్పట్లు కూడా కొట్టించారు. సరే, లెక్క వేద్దాం మరి. వెర్న్ ఫిరంగి పొడవు 900 అడుగులు, అంటే 274 మీటర్లు. అంత చిన్న దూరంలో సెకనుకి 11 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే లోపలివాళ్ల మీద పడేది భూమి గురుత్వానికి 20 వేల రెట్ల పైమాటే. ఫైటర్ పైలట్లకి 9 రెట్లకే ప్రత్యేకమైన సూటు, శిక్షణ కావాలి. వెర్న్ గుండులో ఉన్న ముగ్గురూ పేల్చిన క్షణంలోనే పచ్చడైపోవాలి. ఆ పెద్దమనిషి కథ కూడా ఒక అబద్ధం మీదే నడిచింది, వెల్స్ కథ కూడా ఒక అబద్ధం మీదే నడిచింది. తేడా ఏంటంటే వెర్న్ తన అబద్ధానికి లెక్కల పుస్తకం రాశాడు, ప్రయోగం ఫ్లోరిడా నుంచి పెట్టాడు (104 ఏళ్ల తర్వాత అపోలో 11 కూడా ముగ్గురితో ఫ్లోరిడా నుంచే లేచింది), వెల్స్ ఆ అబద్ధాన్ని దాటేసి చంద్రుడి మీద ఎలాంటి సమాజం ఉంటుందో చూడటానికి పరిగెత్తాడు. రెండూ ఇంకా చదువుతున్నాం. ఇదే అడిగితే సార్ టైమ్ అయిపోయింది, లంచ్ అన్నారు.

మన దగ్గర మాత్రం? 1991లో ఆదిత్య 369 చూస్తున్నప్పుడు టైమ్ మెషీన్ ఏ సూత్రం మీద నడుస్తుందని హాల్లో ఎవరైనా అడిగారా? కృష్ణదేవరాయల కాలానికి వెళ్లి దిగాక అక్కడ ఏం జరుగుతుంది అన్నదే అందరి టెన్షన్. ప్రేక్షకుడు ఒక పెద్ద అబద్ధాన్ని టికెట్‌తో పాటే కొనుక్కుంటాడు. రెండోది అమ్మబోతేనే మొహం చిట్లిస్తాడు.

భోజనం గురించి రెండు ముక్కలు. బిసిబేళేబాత్, మీద బూందీ, పెరుగన్నం, ఒక స్వీటు. బాగుంది, వేడిగా ఉంది, మొహమాటం లేకుండా రెండోసారి వడ్డించారు. మన గుంటూరు బ్యాచ్ ఒకటి ఊరగాయ లేదా అని అడిగి లేదనిపించుకుంది.

అక్కడే పరిచయం అయ్యారు ఒక పెద్దాయన, అనంతపురం వైపు, ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరయ్యి మనవళ్ల కోసం కథలు రాసుకుంటున్నారు. శనివారం మధ్యాహ్నం మార్స్ తుఫాను గురించి సార్ గంటసేపు లాగించారు. ద మార్షియన్ నవలలో హీరో అంగారకుడి మీద ఒక్కడే చిక్కుకుపోయి ఆలుగడ్డలు పండించుకుని బతుకుతాడు, మొదట్లో అతన్ని ఒంటరివాణ్ణి చేసే తుఫాను ఉంది చూడండి, అది జరగదు. అంగారకుడి మీద గాలి ఒత్తిడి భూమ్మీద ఉన్నదాంట్లో 1 శాతం కూడా లేదు, అక్కడ 160 కిలోమీటర్ల వేగంతో వీచినా మనకి తగిలే తోపు ఇక్కడి 20 కిలోమీటర్ల గాలంతే, రాకెట్టుని పడగొట్టేంత సీన్ లేదు. ఆ సంగతి రచయిత ఆండీ వియర్‌కి రాసేటప్పుడే తెలుసు, ప్రకృతే మొదటి దెబ్బ కొట్టాలని అలా ఉంచేశానని ఆయనే చెప్పాడు. సార్ దృష్టిలో ఇది నేరం. అప్పుడు మా పెద్దాయన నా వైపు వంగి, "చూడు నాయనా, ఆ ఒక్క గాలి పెట్టుకున్నందుకు ఆ తర్వాత అంతా నీళ్ల లెక్క, ఆలుగడ్డల లెక్క, క్యాలరీల లెక్క ఎంత ఒళ్లొంచి కట్టినాడో ఈయన చెప్పడే?" అన్నారు. శనివారం ఫీజు అక్కడ కొంత గిట్టింది.

ఆదివారం నేను వెళ్లనే కూడదనుకున్నాను. ఫీజు కట్టేశాం కదా అనే తెలుగు బుద్ధి లాక్కెళ్లింది.

ఆదివారం తీసుకున్నావిడ ఖగోళ శాస్త్రంలో పరిశోధన చేసి ఇప్పుడు పిల్లలకి పాఠాలు చెబుతున్నారు, మధ్యలో కథలు రాస్తారు. మేడమ్ పద్ధతి వేరు. ప్రింటవుట్ లేదు, ప్రొజెక్టర్ లేదు. ఎవరి కథ వాళ్లు చెప్పండి, అందులో సైన్స్ మీ మనుషుల్ని ఎక్కడ ఇబ్బంది పెడుతోందో వెతుకుదాం అన్నారు. రెండు రోజుల్లో పనికొచ్చిన మాట ఇదొక్కటే, మిగతాదంతా దీనికి ఉదాహరణలే. తప్పులు పట్టడానికి సైన్స్‌ని పిలిస్తే అది వచ్చి కథని ఆపేసి కూర్చుంటుంది. కష్టాలు పెట్టడానికి పిలిస్తే కథని అదే నడుపుతుంది.

మొదటి కథ ఒక మైసూరు అమ్మాయిది. గుండ్రంగా తిరిగే ఒక స్పేస్ స్టేషన్, అందులో దర్శిని లాంటి చిన్న హోటల్, మాస్టరు మీటరు ఎత్తునుంచి కాఫీ తిరగబోస్తుంటాడు. సరదా సీను, వాతావరణం కోసం పెట్టుకుంది, అంతే. మేడమ్ వెంటనే బోర్డు దగ్గరకి వెళ్లారు. భూమి మీద ఉన్నంత బరువు రావాలంటే, నిమిషానికి 2 చుట్లు తిరిగే స్టేషన్‌కి వ్యాసార్థం 224 మీటర్లు ఉండాలి. అక్కడ ఒక మీటరు పైనుంచి వదిలిన కాఫీ నేరుగా కింద పడదు. స్టేషన్ తిరిగే దిశకి వెనక్కి జరిగి పడుతుంది. ఎంత జరుగుతుంది? బోర్డు మీద లెక్క కట్టారు, 6 సెంటీమీటర్ల పైచిలుకు. గ్లాసు మూతి వెడల్పు ఎంత, 7 సెంటీమీటర్లో ఏమో. అంటే గ్లాసు మధ్యకి గురిపెట్టి పోస్తే కాఫీ మొత్తం వేళ్ల మీదే. శనివారం సార్ అయితే ఇక్కడ ఎర్ర గీత గీసి సీను కొట్టేయించేవారు. ఈవిడ అడిగింది ఇదీ: మరి మీ మాస్టరు గ్లాసు ఎక్కడ పట్టుకుంటాడు?

అంతే, అమ్మాయి కళ్లు వెలిగిపోయాయి. ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవాడికి చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది, చూడక్కర్లేదు. అటువైపు తిరిగి నిలబడితే కుడికి, ఇటువైపు తిరిగితే ఎడమకి. మొన్న భూమి నుంచి వచ్చిన కుర్రాడు చెయ్యి కాల్చుకుంటాడు. ఎవడు ఎన్నాళ్లుగా అక్కడ ఉంటున్నాడో చెప్పడానికి ఇంక ఒక్క డైలాగ్ అక్కర్లేదు, కాఫీ పోసే తీరే చెప్పేస్తుంది. పైగా ఆ మాస్టరు చివరికి భూమికి తిరిగొచ్చి ఏదో ఊళ్లో కాఫీ కలిపితే? ఆ 6 సెంటీమీటర్లు చేతిలోనే ఉండిపోయి ఉంటాయి కదా. ఈ చివరి ముక్క ఆ అమ్మాయే అంది, హాలంతా ఒక్కసారి ఓ అన్నాం.

రెండోది అందరికీ కలిపి ఎక్సర్‌సైజు. కొడుకు మార్స్ మీద, తల్లి ఇక్కడ, ఇద్దరి మధ్య ఫోన్ సంభాషణ రాయండి. రూల్ ఒకటే: మాట ఒకవైపు చేరడానికి దగ్గరున్నప్పుడు 3 నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాలు పడుతుంది. కాంతి వేగమే అంత, బేరం లేదు. నేను రాసింది పక్కన పెట్టండి, ఏదో ఉంది. నెల్లూరు నుంచి వచ్చిన ఒకావిడ రాసింది మాత్రం ఇంకా చెవిలో ఉంది. ఆ తల్లి ప్రశ్న వేసి జవాబు కోసం ఆగదు, 44 నిమిషాలు ఎవరు ఆగుతారు, తనే చెప్పేసుకుంటుంది: "తిన్నావా నాయనా, తినే ఉంటావులే, నీకు అక్కడ ఏం పెడతారో ఏమో, ఆవకాయ అయిపోయిందా, అయిపోయే ఉంటుంది, పొదుపుగా వేసుకోమంటే వింటావా, సర్లే కోప్పడకు." అటునుంచి వచ్చేవి ఆ ప్రశ్నలకి జవాబులు కావు, అంతకుముందు రోజు ప్రశ్నలకి. ఇద్దరూ ఎప్పుడూ ఒక మాట తేడాతో మాట్లాడుకుంటూ ఉంటారు. చదివి నవ్వుతూనే చాలామందిమి తలలు దించుకున్నాం, మనలో ఎంతమంది అమెరికా తమ్ముడికి ఇలాగే వాయిస్ మెసేజ్‌లు పెట్టట్లేదు గనక.

మేడమ్ దానికి ఇంకో పుల్ల వేశారు. దాదాపు 26 నెలలకోసారి మార్స్ సరిగ్గా సూర్యుడి అవతలికి వెళ్తుంది. రేడియో సిగ్నల్ సూర్యుడి దగ్గరగా వెళ్లి పాడైపోతుందని ఆ రెండు వారాలు అక్కడి రోవర్లకి ఆదేశాలు పంపడం ఆపేస్తారు. ఇది కల్పన కాదు, ఇప్పుడు జరుగుతున్నదే. అంటే ఆ తల్లి ఆఖరి మెసేజ్‌లో విసుక్కుని పెట్టేస్తే, తర్వాత రెండు వారాలు ఏం జరిగినా ఎవరికీ ఏమీ తెలియదు. నెల్లూరావిడ అక్కడికక్కడే 'సర్లే కోప్పడకు' కొట్టేసి వేరే వాక్యం రాసింది. చూపించమంటే చూపించలేదు.

కాఫీ బ్రేకులో మా అనంతపురం పెద్దాయన వంతు. ఆయన కథలో మార్స్ మీద వంద కుటుంబాల తెలుగు కాలనీ, ఒక పంతులుగారు. పంతులుగారికి పంచాంగం కావాలి. తిథి అంటే చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరగడానికి పట్టే సమయం, అలాంటివి 30 అయితే ఒక నెల, ఇదంతా మనకి తెలిసిందే. మార్స్‌కి రెండు చందమామలు. పెద్దది ఫోబోస్, అది 7 గంటల 39 నిమిషాలకే ఒక చుట్టు తిరిగేస్తుంది, మార్స్ తన చుట్టూ తాను తిరిగేదానికంటే వేగం, అందుకని పడమర లేచి తూర్పున మునుగుతుంది. ఇప్పుడు ఆ 7 గంటల 39 నిమిషాలని 30తో భాగించండి. ఒక్కో తిథి పావుగంట! "ఇంగేముంది నాయనా, ఏకాదశి ఉపవాసం పావుగంటే. రోజుకి మూడు అమావాస్యలు. తద్దినం ఎప్పుడు పెట్టాలా?" అని ఆయన నవ్వకుండా అడుగుతున్నారు. మేమందరం కాఫీ కప్పులు పట్టుకుని ఊగిపోతున్నాం. కానీ ఆలోచించండి, ఇందులో జోకు ఎంత ఉందో తగాదా అంత ఉంది. పెద్దవాళ్లు భూమి పంచాంగమే పాటించాలంటారు, అక్కడే పుట్టిన పిల్లలు కనపడని చంద్రుడి లెక్క మాకెందుకు, మా ఆకాశంలో ఉన్నదాని లెక్క చెప్పండి అంటారు. కాలనీ రెండుగా చీలడానికి ఇంకేం కావాలి? లెక్క ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయినా ఈ కథ పుట్టేది కాదు. ఇది ఆయన వర్క్‌షాప్‌లో నేర్చుకున్నది కాదు, ఇంట్లోంచి తెచ్చుకున్నదే, కాబట్టి నిర్వాహకులకి దీనికి మార్కులు వెయ్యడం లేదు.

నా కథ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇద్దరు మాస్టర్లకీ తేడా తేలింది అక్కడే. 2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ దిగింది కదా, ఇక్కడే పీణ్యలో ఉన్న ఇస్రో కేంద్రం నుంచే కదా నడిపించారు. చంద్రుడి మీద పగలు 14 రోజులు, రాత్రి 14 రోజులు. సెప్టెంబరు మొదట్లో చీకటి పడేముందు దాన్ని నిద్రపుచ్చారు, 22న మళ్లీ ఎండ వచ్చాక లేపబోతే లేవలేదు. నా కథలో కొన్ని దశాబ్దాల తర్వాత పీణ్య మెకానిక్ ఒకడు దాన్ని లేపడానికి వెళ్తాడు. శనివారం సార్ సారాంశం మీద రాసింది: 'మైనస్ 200 డిగ్రీల దరిదాపు రాత్రులు అన్నేళ్లు గడిచాక బ్యాటరీలు, అతుకులు మిగలవు. లేవదు. కథ మార్చండి.' నిజమే, లేవదు. ఆదివారం మేడమ్ అదే సారాంశం చూసి, లేవదని మీ మెకానిక్‌కి తెలుసా అన్నారు. తెలిసీ వెళ్తే ఎందుకు వెళ్తున్నాడు? తర్వాత మెల్లగా ఇంకో మాట చెప్పారు. ల్యాండర్ మీద నాసా వాళ్లిచ్చిన ఒక చిన్న రిఫ్లెక్టర్ ఉంది, సుమారు 5 సెంటీమీటర్లు, గుండ్రటి ఫ్రేములో ఎనిమిది క్వార్ట్జ్ పట్టకాలు. దానికి కరెంటు అక్కర్లేదు. 2023 డిసెంబరు 12న, ల్యాండర్ నిద్రపోయిన మూడు నెలలకి, చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా ఆర్బిటర్ దాని మీదకి లేజర్ వేస్తే వెలుగు తిరిగొచ్చింది. రేడియోలో పిలిస్తే పలకదు, లేజర్ వేస్తే జవాబిస్తుంది. ఇంక నా మెకానిక్ బ్యాటరీలు మోసుకెళ్లక్కర్లేదు, తుడిచే బట్ట ఒకటి తీసుకెళ్తే చాలు. ఇంత మంచి మలుపు నేను ఊహించి పెట్టి ఉంటే సినిమాటిక్‌గా ఉందనేవాళ్లు. నిజమైన వివరం కాబట్టి నోరు మూసుకుని ఒప్పుకోవాలి.

ఒక హైదరాబాద్ కుర్రాడు కాంతికంటే వేగంగా వెళ్లే ఓడతో వచ్చాడు, కొత్త దంపతులు ప్రాక్సిమా సెంటారీకి (సూర్యుడి తర్వాత మనకి అన్నిటికంటే దగ్గర నక్షత్రం) హనీమూన్. మేడమ్ ఓడని ముట్టుకోలేదు. దూరం మాత్రం చెప్పారు: 4.24 కాంతి సంవత్సరాలు, నాసా ఓడ వాయేజర్ 1 ఇప్పుడున్న వేగంతో వెళ్తే 75 వేల ఏళ్లు. అంత దూరాన్ని వీకెండ్ చేసేసే ఓడ ఉన్న లోకంలో పన్నులు ఎవరు వసూలు చేస్తారు, దొంగలు ఎక్కడికి పారిపోతారు, అత్తారింటికి ఎందుకు రాలేదంటే దూరం అని సాకు చెప్పడం కుదురుతుందా? కుర్రాడికి నచ్చలేదు, నాది రొమాన్స్ అక్కా అన్నాడు. ఇక్కడ నేను కుర్రాడి వైపే కొంచెం. ప్రతి అబద్ధానికీ మొత్తం సమాజశాస్త్రం బిల్లు కట్టాలంటే చిన్న కథలు ఎవరూ రాయలేరు. కథ ఆనుకున్న చోట గట్టిగా ఉంటే చాలు, ఆనుకోని గోడలు అట్టముక్కలైనా ఫర్వాలేదు.

మేడమ్‌తో ఇంకో పేచీ. పది పేజీలు తెలుసుకోండి, ఒక్క లైను చూపించండి అని ఆవిడ పదే పదే అన్నారు. ఈ సలహా అందరూ ఇస్తారు, నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చదు. లెక్కలు చూడటానికే సైఫై చదివే నాలాంటివాళ్లు ఉన్నారు. ఆలుగడ్డకి ఎన్ని క్యాలరీలో, ఆక్సిజన్ ఎన్ని గంటలొస్తుందో రెండు పేజీలు చెప్పినా ఎగబడి చదువుతాం, మనిషి ప్రాణం ఆ లెక్క మీద వేలాడుతుంటే. లెక్క మీద ఏమీ వేలాడనప్పుడు మాత్రం ఒక్క లైనైనా బరువే. ఇది అడగడానికి టైమ్ చాలలేదు, ఎందుకంటే ఆదివారం మొత్తం గ్రూప్ ఫొటోతో కలిపి మూడున్నర గంటల్లోనే ముగించేశారు. శనివారం తప్పుల జాబితాకి ఆరు గంటలు, ఆదివారానికి అంతకంటే తక్కువ! అసలు కోపం ఇక్కడ.

ఇక మెయిల్. వారంలో పంపిస్తాం అన్న అభిప్రాయం రెండుసార్లు గుర్తుచేస్తే గానీ రాలేదు. వచ్చింది శనివారం సార్ టీమ్ నుంచి అని మొదటి లైనులోనే తెలిసిపోయింది. మార్జిన్‌లో వరసగా: 'ఇక్కడ జవాబుకి 2.6 సెకన్లు పట్టాలి.' 'ఇక్కడ కూడా.' 'ఇక్కడ కూడా.' 'దుమ్ము ఇలా తేలదు, గాలి లేదు.' అన్నీ కరెక్టే, దిద్దుకున్నాను. కానీ మెకానిక్ భార్య రెండో పేజీ తర్వాత కథలోంచి మాయమైపోయిన సంగతి ఒక్కరూ అడగలేదు. ఆవిడ ఏమైందో నేను కావాలనే దాచాను, పట్టుకుంటారేమో చూద్దామని. పట్టుకోలేదు. చివర్లో 'మొత్తం మీద ఆసక్తికరమైన ప్రయత్నం' అనే వాక్యం ఉంది, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగితే అందరికీ అదే వాక్యం.

ఎవరు వెళ్లాలి అంటే, ఇప్పటికే ఒక డ్రాఫ్ట్ చేతిలో ఉన్నవాళ్లు వెళ్లండి, ఆదివారం మీ పేజీ బోర్డు మీదకి ఎక్కితే డబ్బులు వచ్చేసినట్టే. సారాంశం ముందే ప్రింట్ తీసుకెళ్లండి, పక్కన ఉన్న జిరాక్స్ షాపు ఆదివారం తియ్యరు. ముందు వరసలో కూర్చోండి, ఏసీ సంగతి చెప్పాను. ఇంకా ఏమీ రాయనివాళ్లు, రాద్దామా అని ఆలోచిస్తున్నవాళ్లు మాత్రం ఆ తప్పుల జాబితా చూసి భయపడి మానేసే ప్రమాదం ఉంది, మీకు వద్దు. నిర్వాహకులు ఇది చదువుతుంటే ఒకటే విన్నపం, ఆదివారానికి విడిగా 2,500 పెట్టి టికెట్ అమ్మండి, సాయంత్రం ఆరింటిదాకా నడపండి, మార్జిన్ నోట్స్ మేడమ్ చేత రాయించండి. మా పెద్దాయన కూడా మళ్లీ వస్తానన్నారు, చిన్న చందమామ డీమోస్ లెక్క ఇంకా కట్టలేదట.